బైండింగ్ ఆలస్యం గురించి మా పాత ఖాతాదారులకు

ఇటీవల మా ప్రెస్సు నుంచి వెళ్లిన ఒక పుస్తకంలో కొన్ని ప్రతులు ఫారాలు (ఒక్కో పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచిన పేజీల విభాగాలు) తారుమారై పాఠకుల చేతికి చేరాయి. వాటిని వెనక్కి తెప్పించి, మా ఖర్చుతోనే కొత్త ప్రతులు ఇచ్చాము. అయితే ఇకమీదట మీ పుస్తకాలు మునుపటికంటే ఆలస్యంగా అందబోతున్నాయి కాబట్టి, అందుకు కారణం మరొకరి నోట కాక మా నుంచే మీకు తెలియడం న్యాయమని ఈ లేఖ రాస్తున్నాను.

పని పెరిగినప్పుడు బైండింగ్‌కు మనుషులను పంపే ఒక కాంట్రాక్టరుతో ఒప్పందం చేసుకున్నాము. పని వచ్చినవారినే పంపుతానని, మధ్యలో మార్చనని అతను రాసి ఇచ్చాడు. ఆ కాగితం నా బీరువాలో భద్రంగానే ఉంది గానీ, బల్లల దగ్గర మాత్రం ఎప్పటికప్పుడు కొత్త ముఖాలే కనిపించేవి. మా పద్ధతి కాస్త ఒంటబట్టిన మనిషిని మరునాడే వేరే చోటికి పంపేసేవాడు. కూలి కూడా ప్రతుల లెక్కన కట్టేవాడు కాబట్టి, పూర్తయిన కట్టను ఒకసారి తిప్పి చూడాల్సిన అవసరం వారికి లేకుండా పోయింది.

తిప్పి చూడడమంటే ఏమిటో చెబుతాను. 16 పేజీల ఫారాన్ని మడిచినప్పుడు వెన్ను మడత మీదకు వచ్చేలా ఒక చిన్న నల్ల గీత అచ్చువేస్తాము. మొదటి ఫారానికి అది పైన ఉంటుంది, రెండో దానికి కాస్త కిందికి జరుగుతుంది, మూడో దానికి ఇంకాస్త కిందికి. ఫారాలన్నీ సరిగ్గా పేర్చి ఉంటే, కుట్టుకు ముందు వెన్ను వైపు నుంచి ఆ గీతలు మెట్లు దిగినట్టు కనిపిస్తాయి. ఒక ఫారం తప్పిపోతే మధ్యలో ఖాళీ వస్తుంది, ఒకే ఫారం రెండుసార్లు పడితే రెండు గీతలు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అక్షరం రానివారు కూడా దీన్ని ఇట్టే పట్టుకోగలరు.

విచారిస్తే తేలిందేమిటంటే, ఆ పుస్తకంలో గీతలు వరుస తప్పడాన్ని ఆ కాంట్రాక్టరు మనుషుల్లో ఒకరు చూశారు. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, ‘ఆపితే లెక్క తగ్గుతుంది సార్, అయినా ఆపమనడానికి నేనెవరిని?’ అన్నాడు. అతని మీద కోపం ఎంతోసేపు నిలవలేదు. కాంట్రాక్టరు మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. ఫోను చేస్తే, పుస్తకాల్లో ఇలాంటివి మామూలేనన్నాడు. వెన్ను చూసి మా బైండింగ్ అని గుర్తుపట్టే ఖాతాదారులు ఉన్న ప్రెస్సుతో అనవలసిన మాట కాదది.

అతన్ని మాన్పించడానికి క్షణం కూడా ఆలోచించలేదు. నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే ఉంది. టొయోటా కర్మాగారాల్లో లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి గానీ, బటను నొక్కి గానీ సూపర్‌వైజరును పిలవవచ్చు, లోపం అప్పటికప్పుడు సరికాకపోతే లైను ఆగుతుంది. అలాంటి హక్కు మా బైండింగ్ విభాగంలో నిన్న చేరిన కుర్రవాడికి కూడా ఇవ్వాలా? ఇస్తే ప్రతి చిన్నదానికీ పని ఆపేస్తారని మా సూపర్‌వైజరు గట్టిగా వాదించారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు, మీకు గడువు చెప్పి మాట పడవలసినవాణ్ని నేనే కదా. చివరికి నన్ను ఒప్పించింది ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికా పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లపై చేసిన అధ్యయనం. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువగా కనిపిస్తాయని ఆమె అనుకుంటే, నమోదైనవి అక్కడే ఎక్కువగా ఉన్నాయి. అక్కడివారు ఎక్కువ తప్పులు చేసి కాదు, జరిగినదాన్ని దాచకుండా చెప్పుకోగలిగి అని ఆమెకు తరువాత అర్థమైంది.

అందువల్ల ఇప్పుడు మా బైండింగ్‌లో అందరూ నెల జీతం మీద పనిచేసే మా మనుషులే. అనుమానం వస్తే ఎవరినీ అడగకుండా పని ఆపవచ్చు, చివరికి ఏ లోపమూ లేదని తేలినా ఆపినవారిని ఎవరూ ఏమీ అనరు. మొదట్లో అట్ట మీద సిరా మరక పడిందని కూడా ఆపారు. నేను నాలుక కరుచుకుని ఊరుకున్నాను.

రాత్రి పని తీసేశాము. కుట్టు బైండింగ్ పుస్తకాలకు ఆలస్యం ఎక్కువగా ఉంటుంది, మిగతావాటికి పెద్దగా తేడా ఉండదు. ఇంకా మనుషులను తీసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. కొత్తగా చేరిన ఒక్కొక్కరికీ పని నేర్పడానికి ఒక పాత మనిషి తన పని వదులుకోవాలి కాబట్టి, ఒకరు కుదురుకున్నాకే మరొకరిని తీసుకుంటాము. అంతవరకు కొత్త ఆర్డర్లు పరిమితంగానే ఒప్పుకుంటాము. ఇప్పటికే ఒప్పుకున్నవాటికి కొత్త తేదీలు ఎవరికి వారికి ఫోనులో చెబుతాము.

బైండింగ్ బయట చేయించి త్వరగా ఇమ్మని సూచించినవారికి నా జవాబు ఒక్కటే: చేయించను. తొందర ఉన్నవారు అచ్చు మా దగ్గర వేయించుకుని, ఫారాలు తీసుకెళ్లి మరోచోట బైండు చేయించుకోవచ్చు. నాకు కష్టంగానే ఉంటుంది గానీ అడ్డుచెప్పను. కాకపోతే, అచ్చు మాత్రమే మాదని, బైండింగ్ మాది కాదని పుస్తకంలో ఒక వాక్యం వేయించమని ముందుగానే కోరుతున్నాను.