ముందు కారు కౌల్‌లో (ముందు అద్దం కింది చీలికల్లో) నీళ్లు పోసి చూడండి, తర్వాత రంగు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలో పాత కార్లు కొని బాగుచేసుకునే వాళ్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. మన పేపర్లో ఈ విషయం కనిపించడమే అరుదు కాబట్టి చాలా సంతోషం వేసింది. కానీ మీరు వేసిన ఫోటోలన్నీ ఎర్రగా మెరిసిపోతున్న ఫాస్ట్‌బ్యాక్ (కప్పు వెనక్కి ఏటవాలుగా దిగే) మస్టాంగులు, 1969 కమారోలు, వెనక రెక్కలున్న కాడిలాక్‌లే, పైగా దీన్ని వీకెండ్ హాబీ అన్నారు. ఇక్కడ అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుర్రాళ్లు చాలామంది మీ పేపర్ ఫోన్లో చదువుతారు. వాళ్లలో ఒక్కరైనా ఆ ఫోటోలు చూసి, రంగు చూసి కారు కొనేస్తారేమోనని భయమేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. అలా కొని నష్టపోయినవాణ్ని నేను.

నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. మొదట కొన్నది 1965 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్. ఫోటోల్లో ఎర్ర పెయింట్ అద్దంలా ఉంది, ఇంజిన్ చప్పుడు వీడియో తీసి పంపించారు, అంతే, నేను వెళ్లి చూడకుండానే డబ్బు పంపేశాను. ట్రక్కులోంచి దింపిన రోజే డ్రైవర్ వైపు తలుపు పట్టేసింది, పైకెత్తి నెడితే గానీ పడలేదు. కార్పెట్ లేపి చూస్తే నేల స్థానంలో పల్చటి రేకు, దాన్ని రివెట్లతో బిగించి మీద తారు పూశారు. మస్టాంగ్‌కి విడిగా ఫ్రేమ్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది, కన్వర్టిబుల్‌కి పై కప్పు కూడా లేదు కాబట్టి ఆ బరువంతా తలుపుల కింద ఉండే రాకర్ ప్యానెళ్ల మీద పడుతుంది. అవి లోపల కుళ్లిపోయాయి, కారు మధ్యలో కిందికి వంగిపోయింది, అందుకే తలుపు పట్టేస్తోంది. బాడీ షాపు వాళ్లు చెప్పిన ఖర్చు నేను కారు కొన్న ధర కంటే ఎక్కువ. ఎనిమిది నెలలు గ్యారేజీలో పెట్టుకుని చూసి చూసి, చివరికి విడిభాగాల కోసం సగం ధరకి అమ్మేశాను. ఆ నష్టం కంటే, రోజూ దాన్ని చూసినప్పుడల్లా పడ్డ బాధే ఎక్కువ. మా ఆవిడ ఆ ఎనిమిది నెలలూ ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా ఉండేది.

అందుకే చెబుతున్నాను, మొదటి కారుగా పేరున్నదాన్ని వెతక్కండి, మామూలుదాన్ని వెతకండి. రెండు తలుపుల హార్డ్‌టాప్ (మామూలు రేకు కప్పున్నది), సిక్స్ సిలిండర్, అన్ని ముక్కలూ ఉన్నది, తుప్పు పట్టనిది. మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న బయటికొచ్చినప్పుడు దాని ప్రారంభ ధర 2,368 డాలర్లు, గుమాస్తాలు, టీచర్లు కూడా కొనుక్కోగలిగిన కారు అది. రెండేళ్లు తిరక్కుండానే పది లక్షలు తయారయ్యాయి, 1966 మోడల్ ఒక్కటే ఆరు లక్షలు దాటింది. అందులో ఎక్కువ భాగం మామూలు హార్డ్‌టాప్‌లే. అన్ని కార్లు తయారయ్యాయి కాబట్టే ఈరోజు వాటికి కొత్త ఫెండర్ (చక్రం మీది రేకు) దగ్గర్నుంచి తలుపు రబ్బరు దాకా కేటలాగ్‌లో దొరుకుతుంది. ఫాస్ట్‌బ్యాక్‌కీ హార్డ్‌టాప్‌కీ కింద ఉన్న ఇనుము చాలావరకు ఒకటే, ధరలో మాత్రం ఎంతో తేడా. అదే కాలంలో వచ్చిన రాంబ్లర్ లాంటి వేరే కంపెనీ కార్లు అందంగానే ఉంటాయి, నాకూ ఇష్టమే, కానీ ఒక్క క్రోమ్ పట్టీ విరిగితే దాని కోసం నెలల తరబడి పాత సామాన్ల మధ్య వెతకాలి. మొదటిసారి చేసేవాళ్లకి ఆ ఓపిక ఉండదు.

నా రెండో కారు 1966 హార్డ్‌టాప్. దొరికిన తీరు చెబుతాను. రెండేళ్లు హెమింగ్స్ పత్రిక ప్రకటనలు చదివాను, అక్టోబరులో మా రాష్ట్రంలోనే హెర్షీలో జరిగే పాత కార్ల మేళాకి వెళ్లాను, కార్లైల్‌లో ఫోర్డ్ కార్ల సంత పెడితే మూడు రోజులూ తిరిగాను. కార్లైల్‌లోనే, పాత కార్బొరేటర్లు అమ్ముకుంటున్న ఒక పెద్దాయన, నేను ప్రతి కారు కిందా పడుకుని చూడటం గమనించి, న్యూ మెక్సికోలో తన బంధువుల షెడ్డులో ఒకటి పడుందని చెప్పాడు. ఈసారి విమానం ఎక్కి వెళ్లాను. ఎండకి పెయింట్ సున్నంలా రాలుతోంది, డాష్‌బోర్డు పగిలిపోయింది, సీట్లు చిరిగి లోపలి స్పాంజి పొడి అయిపోయింది, రబ్బరు అన్నది ఎక్కడా మిగల్లేదు. చూడగానే ఎవరైనా వద్దనుకునే కారు. కింద మాత్రం ఇనుము ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అలాగే ఉంది. మా వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కిందనుంచి కారుని తినేస్తుంది. ఎడారి రాష్ట్రాల్లో ఎండ పైనుంచి తింటుంది. ఎండ తిన్నదాన్ని కొనుక్కొచ్చి బిగించుకోవచ్చు, ఉప్పు తిన్నదాన్ని కోసి వెల్డింగ్ చేయాలి. దూరం నుంచి తెప్పించుకునే రవాణా ఖర్చు భారీగానే ఉంటుంది, అయినా వెల్డింగ్ ఖర్చు ముందు అది తక్కువే.

ఇప్పుడు అసలు విషయం, కౌల్. మీ వ్యాసంలో ఈ మాటే లేదు. ముందు అద్దం కింద, బానెట్ వెనక, సన్నటి చీలికలు ఉంటాయి, లోపలికి గాలి వెళ్లడానికి. దాని కింద ఒక పెట్టెలాంటి ఖాళీ ఉంటుంది, గాలి లోపలికి వెళ్లే రంధ్రం చుట్టూ నీళ్లు పడకుండా గట్టు కట్టినట్టు ఒక రేకు అంచు ఉంటుంది. వాన నీళ్లు పక్కలకి జారి కిందికి పోవాలి. కానీ చెట్టు కింద పెట్టిన కారులో ఆకులు ఆ చీలికల్లోంచి పడి, కుళ్లి, తడి మట్టిలా తయారై ఆ గట్టుని పట్టుకుని కూర్చుంటాయి. కొన్నేళ్లకి గట్టు తుప్పు పట్టి రాలిపోతుంది. అప్పటినుంచి ప్రతి వానకీ నీళ్లు డాష్‌బోర్డు కింద నుంచి కార్పెట్ కిందికి చేరతాయి, ఎవరికీ కనిపించవు, నేల కుళ్లిపోతుంది. ఎంత మంచి పెయింట్ వేసినా ఇది బయటికి తెలియదు. దీన్ని బాగుచేయాలంటే ఫెండర్లు విప్పాలి, ముందు అద్దం తీయాలి, పదుల కొద్దీ స్పాట్ వెల్డింగులు డ్రిల్లుతో ఒక్కొక్కటీ తొలిచి పై రేకు ఊడదీయాలి, మళ్లీ అన్నీ అతకాలి.

తెలుసుకోవడం మాత్రం చాలా తేలిక. అమ్మే మనిషిని అడిగి, ఆ చీలికల్లో ఒక చెంబుడు నీళ్లు మెల్లగా పోయండి, ఒకరు లోపల టార్చిలైటుతో డాష్‌బోర్డు కింద పడుకుని చూడండి, రెండు వైపులా. చుక్క పడిందంటే కౌల్ పోయినట్టే. నీళ్లు పోయనివ్వనన్నాడంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. తర్వాత ఒక చిన్న అయస్కాంతం, గీతలు పడకుండా గుడ్డ చుట్టి, వెనక చక్రాల మీది భాగాలకి, తలుపుల కింది అంచులకి ఆనించి చూడండి, అంటుకోకపోతే పెయింట్ కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. డిక్కీలో స్పేర్ టైరు ఎత్తి చూడండి. బ్యాటరీ కింద ఉన్న రేకు చూడండి, యాసిడ్ కారి అక్కడ మొదలవుతుంది. నేను న్యూ మెక్సికోలో ఇవన్నీ చేయడానికి రెండు గంటలు పట్టింది, ఆ ఇంటివాళ్లు విసుక్కోకుండా నిమ్మరసం ఇచ్చారు.

కారు గుర్తింపు నంబరు కూడా చూడాలి. అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే నంబర్లు 1981 నుంచి వచ్చాయి, అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. నా కారు నంబరు 6ఆర్07టి అని మొదలవుతుంది. 6 అంటే 1966, ఆర్ అంటే కాలిఫోర్నియాలో శాన్ హోసే ఫ్యాక్టరీ, 07 అంటే హార్డ్‌టాప్, టి అంటే 200 క్యూబిక్ అంగుళాల సిక్స్ సిలిండర్. టి బదులు సి గానీ ఎ గానీ ఉంటే 289 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), కె ఉంటే 271 హార్స్‌పవర్ 289, అన్నిట్లోకి ఖరీదైనది. ఈ నంబరు డ్రైవర్ వైపు బానెట్ కింద లోపలి రేకు మీద కొట్టి ఉంటుంది, తలుపు మీది ప్లేటుతో, టైటిల్ కాగితంతో (కారు ఎవరిదో చెప్పే పత్రం) మూడూ కలవాలి. తలుపులు మార్చేస్తుంటారు కాబట్టి ప్లేటు ఒక్కటే నమ్మొద్దు. 1967 నుంచి వచ్చిన ఫోర్డులకి ఫ్యాక్టరీ రికార్డుల నుంచి, కారు ఏ ఇంజిన్‌తో, ఏ రంగుతో తయారైందో చెప్పే మార్టీ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు, 65, 66 కార్లకి ఆ వీలు లేదు, కాబట్టి కళ్లతోనే చూసుకోవాలి. ఇంకో గుర్తు: సిక్స్ సిలిండర్‌తో వచ్చిన కార్ల చక్రాలకి నాలుగు నట్లు, వీ8 కార్లకి ఐదు. వీ8 కారని చెప్పి నాలుగు నట్లు చూపిస్తున్నారంటే ఇంజిన్ మాత్రమే మార్చారని అర్థం. టైటిల్ తర్వాత ఇస్తానన్నా, పోయిందన్నా డబ్బు ఇవ్వకండి, ఆ కాగితాల టెన్షన్ ఒక్కోసారి కారు పని కంటే ఎక్కువ కాలం సాగుతుంది.

పని గురించి చెప్పాలంటే చాలా ఉంది, నాకు ముఖ్యమనిపించింది ఒక్కటే. కారుని మొత్తం ఒకేసారి విప్పేయకండి. ఉత్సాహంలో రెండు వారాల్లో అంతా ఊడదీసేస్తారు, ఆ తర్వాత పిల్లాడు పుడతాడు, ఉద్యోగం మారుతుంది, డబ్బాల్లో బోల్టులు ఏవి ఎక్కడివో మర్చిపోతారు, అమ్మకానికి పెట్టిన ప్రాజెక్టు కార్లలో ఇలాంటివి ఎన్నో చూశాను. ముందు నడిచేలా చేయండి, తర్వాత బాగు చేయండి. ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌కి నేరుగా సెల్ఫ్ కొట్టొద్దు. నేను స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో కాస్త నూనె పోసి, నాలుగు రోజులు వదిలేసి, పొడుగాటి పానాతో క్రాంక్‌ని (పిస్టన్లన్నీ కలిసే ఇరుసుని) చేత్తో తిప్పాను. మొదటి రోజు కదల్లేదు, ఆరో రోజు సాయంత్రం పావు చుట్టు తిరిగింది, ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. పెట్రోల్ ట్యాంకు, గొట్టాలు, కార్బొరేటరు శుభ్రం చేసి, పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చేశాను, ఇప్పటి పెట్రోల్లో ఎథనాల్ కలుస్తుంది కాబట్టి దానికి తట్టుకునేవే వేయాలి.

ఇంజిన్ ఆడగానే రోడ్డెక్కాలనిపిస్తుంది, దయచేసి ఆగండి. 1966 దాకా మస్టాంగ్‌లో బ్రేక్ మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసేది) ఒకే గది ఉండేది, ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 నుంచే రెండు గదులది వచ్చింది. నేను అన్నిటికంటే ముందు డబ్బు పెట్టింది దానికే, రెండు గదుల సిలిండరు, కొత్త గొట్టాలు. అందరూ అసలుది అసలులాగే ఉండాలంటారు, నేనూ అంటాను, బ్రేకుల విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆ కాలం బ్రేక్ షూల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి దుమ్ము లేపకండి. పాత పెయింట్లో సీసం ఉండొచ్చు, సరైన మాస్కు లేకుండా గీకొద్దు, చిన్నపిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. జాకీ మీదే నిలబెట్టి కింద దూరకండి, స్టాండ్లు పెట్టండి.

వీ8 వేసుకోమని అందరూ చెప్పారు. ఇంజిన్ ఒక్కటే మారిస్తే సరిపోదు, స్ప్రింగులు, వెనక యాక్సిలు, ముందు స్పిండిళ్లు, బ్రేకులు, రేడియేటరు అన్నీ మార్చాలి. నేను సిక్స్ సిలిండరే ఉంచాను. 120 హార్స్‌పవర్, ఏడు మెయిన్ బేరింగుల మీద తిరిగే గట్టి ఇంజిన్, బానెట్ ఎత్తితే అటూ ఇటూ చెయ్యి పెట్టడానికి బోలెడంత చోటు, నేర్చుకునేవాడికి అంతకంటే ఏం కావాలి! ఇంజిన్ పై భాగం (హెడ్) విప్పినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు, అంటే పొగ బయటికి వదిలే వాల్వులు వచ్చి ఆనే చోట్లు, గట్టివి వేయించాను, ఎందుకంటే అప్పట్లో పెట్రోల్లోని సీసమే వాటిని కాపాడేది, 1996 నుంచి రోడ్డు వాహనాలకి ఆ పెట్రోల్ అమ్మడం లేదు.

మొత్తం నాలుగున్నరేళ్లు పట్టింది. కారు 5,200 డాలర్లు, దాని మీద పెట్టింది 19 వేలు దాటింది, నా శ్రమ లెక్కలో లేదు. ఇప్పుడు అమ్మితే అంత రాదు. మీ వ్యాసంలో ఒకాయన దీన్ని పెట్టుబడి అన్నారు, ఎంతో అరుదైన కార్లకి అది నిజం కావచ్చు, మన లాంటి వాళ్లు కొనగలిగే కార్లకి మాత్రం కాదు, ఆ ఆశతో ఎవరూ అప్పు చేయొద్దని గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. తలుపు ప్లేటు మీద రంగు అక్షరం ఎం, అంటే వింబుల్డన్ వైట్, మళ్లీ అదే తెల్ల రంగు వేయించాను. ఎర్రది వేయించొచ్చు కదా అని మా అబ్బాయి అడిగాడు. పాత పెయింట్‌ని తలుపు లోపలి అంచున ఒక మూల అలాగే వదిలేశాను, అది చూపించి, ఇది దాని సొంత రంగు నాన్నా అన్నాను. వాడిప్పుడు ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరస) అప్పజెబుతాడు, 1-5-3-6-2-4 అని.

మీరు మళ్లీ ఈ విషయం రాస్తే, తయారైన కారు ఫోటోతో పాటు విప్పి పెట్టిన కారు ఫోటో ఒకటి కూడా వేయండి. నా పాత ఎర్ర కన్వర్టిబుల్‌ కౌల్ తెరిచినప్పుడు తీసిన ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను, గట్టు ఉండాల్సిన చోట రంధ్రం, అందులోంచి కింద కార్పెట్ కనిపిస్తుంది. చోటుంటే వేయండి, కింద ఏ వివరణా రాయకపోయినా పర్వాలేదు.

ఇట్లు
మీ పాఠకుడు,
పెన్సిల్వేనియా