తేయాకు మింగిన ఫ్లోరైడ్ ఎక్కడికి పోతుంది?

సంపాదకులకు నమస్కారం.

తేయాకు మొక్క ఫ్లోరైడ్‌ను తట్టుకుంటుందనీ, బోరు నీళ్లు పారే చేలల్లో వేస్తే నల్లగొండ గోడు తీరుతుందనీ గత వారం జిల్లా పేజీలో వేశారు. తట్టుకోవడం వేరు, తీసేయడం వేరు. ఫ్లోరిన్ మూలకం, దాన్ని ఏ మొక్కా అరిగించుకోలేదు. తేయాకు చేసేది దాచుకోవడమే. ఆమ్ల నేలలో అల్యూమినియంతో జతకట్టిన ఫ్లోరైడ్‌ను వేరు పీల్చి ఆకుకు పంపితే, అది కణాల లోపలి సంచుల్లాంటి రిక్తికల్లో, కణకవచాల్లో పోగవుతుంది. మొగ్గా రెండాకుల్లో తక్కువ, ముదురాకుల్లో దానికి ఎన్నో రెట్లు. ఈ దాపరికానికీ హద్దుంది. అది దాటితే ఆకు అంచులు మాడతాయి, పత్రహరితం తగ్గుతుంది, రుచినిచ్చే కాటెకిన్లు పడిపోతాయి. మొక్కను కాపాడే కెటలేజ్ లాంటి ఎంజైములు మొదట జోరు చూపి తర్వాత చేతులెత్తేస్తాయి.

ఇక నాటడం సంగతి. తేయాకుకు పీహెచ్ 4.5–5.5 ఉన్న ఆమ్ల నేల కావాలి. ఫ్లోరైడ్ ఎక్కువున్న మన బోరు నీళ్లేమో బైకార్బనేట్‌తో క్షారంగా ఉంటాయి. అవి కట్టిన నేలలో మొక్క ఇనుము అందక పాలిపోయి చస్తుంది, ఫ్లోరైడ్ దాకా పోనక్కర్లేదు. ఈ సమాచారమిచ్చిన పెద్దమనిషి రైతులకు పంచే భూసార కార్డు ఒక్కటైనా చదివి ఉంటారా?

అసలు రాయాల్సింది చాయ్ గురించి. లీటరు నీళ్లకు 10 గ్రాముల పొడి అనుకుందాం. కిలోకు 200 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న పొడి నుంచి అంతా దిగితే 2 మిల్లీగ్రాములు. ముదురాకు, కాడలు కలిపిన చవక పొడిలో 600 ఉంటే 6. నీళ్లలోనే 3 ఉంటే మొత్తం 9. ముప్పావు లీటరయ్యేదాకా మరిగిస్తే లీటరు లెక్కన 12. తాగునీటికి గరిష్ఠ పరిమితి 1.5! పాలలోని కాల్షియం కొంత పట్టి ఉంచుతుంది, అంతా కాదు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చామని బోర్డులు పెట్టిన అధికారులు చాయ్ బండి వెనకున్న బోరు నీళ్ల డ్రమ్ము మూత ఎప్పుడైనా తీశారా?

టిబెట్ వైపు ముదురాకుతో చేసిన ఇటుక టీ తాగి జనం ఎముకలు పాడైతే, చైనా 2005లో ఆ టీకి కిలోకు 300 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. మన ప్యాకెట్ మీద ఏనుగు బొమ్మ నుంచి బహుమతి కూపన్ దాకా అన్నీ ఉంటాయి, ఫ్లోరైడ్ అంకె తప్ప. దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బును మొదట నమోదు చేసింది 1937లో నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నంతో నీళ్లు తేర్చే పద్ధతిని ప్రపంచం మన నల్లగొండ పేరుతోనే పిలుస్తుంది. ఇంత చరిత్ర ఉన్నచోట ఇలాంటి వార్త సరిచూడకుండా ఎలా పోయింది?

సవరణ అదే పేజీలో, అంతే సైజులో వేయండి. అధికారులు బండ్ల మీది చాయ్ నమూనాలు తీసి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పరీక్షించాలి. అల్యూమినియం పట్టు విడిపించే టిసాబ్ ద్రావణం మాత్రం మరవొద్దు. అది కలపకపోతే రీడింగ్ తక్కువ చూపిస్తుంది, ‘అంతా బాగుంది’ అని మళ్లీ ఒక ప్రకటన వస్తుంది.

– ఒక పాఠకుడు, నల్లగొండ