కాలు ఇచ్చారు సరే, సాకెట్ ఎవరు మారుస్తారు?

సంపాదకుడు గారికి,

కృత్రిమ కాళ్ల శిబిరం జరిగితే ఎన్ని పంచారో వార్తలో వస్తుంది. ఏడాది తిరిగేసరికి వాటిలో ఎన్ని అటకెక్కాయో ఎవరూ లెక్కపెట్టరు.

మోకాలి కింద కాలు తీసేశాక మిగిలిన స్టంప్ ఇంచుమించు ఏడాది పాటు చిక్కుతూనే ఉంటుంది. వాపు దిగుతుంది, కండ కరుగుతుంది. శిబిరం రోజు తీసిన అచ్చు ఆ రోజు కొలతకే. సాకెట్ అంటే స్టంప్‌ను దూర్చే గిన్నె లాంటి భాగం. అది వదులైతే స్టంప్ లోపలికి దిగబడి, మోకాలిచిప్ప కింది స్నాయువు మోయాల్సిన బరువు ఎముక కొస మీద పడుతుంది. అడుగడుగుకూ చర్మం ఒరుసుకుంటుంది. షుగర్‌తో స్పర్శ తగ్గినవారికి పుండు పడ్డాక గానీ తెలియదు. అది ముదిరితే మళ్లీ ఆపరేషన్, ఈసారి మోకాలి పైన కావచ్చు.

కాలు విప్పాక ఎర్రమచ్చ పది నిమిషాల్లో పోవాలి. పోలేదంటే అక్కడ సాకెట్ నొక్కుతున్నట్టే. వదులైతే స్టంప్‌కు ఇంకో సాక్సు తొడగమంటారు, కొన్నాళ్లకు పనికొస్తుంది. కానీ సాక్సు చుట్టూ ఒకే మందం, స్టంప్ మాత్రం చుట్టూ ఒకేలా తగ్గదు. సాక్సులు మరీ ఎక్కువైతే స్టంప్ అడుగుదాకా దిగక కొస వాచి నల్లబడుతుంది.

వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్రం అడిప్ పథకంలో అదే సాయం మళ్లీ కావాలంటే మూడేళ్లు ఆగాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకైతే ఏడాది చాలు. కొత్తగా కాలు పోయినవారికీ మొదటిసారి ఆ ఏడాది గడువే పెట్టాలి. లోపల గొట్టం ఉండే మాడ్యులర్ కాలుకు సాకెట్ ఒక్కటే మార్చుకోవచ్చు. ప్లాస్టిక్ పైపును వేడిచేసి అచ్చు మీదికి లాగే రకంలో సాకెట్టూ పిక్కా ఒకటే ముక్క, పాదం తప్ప అంతా మళ్లీ చేయాల్సిందే. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

పోలియో కాలికి ఊతంగా కట్టే మూడు కిలోల కాలిపర్‌ను క్షిపణి పదార్థంతో 300 గ్రాములకు దించింది హైదరాబాద్‌లోనే, కలాం గారి బృందమూ నిమ్స్ వైద్యులూ కలిసి. 2022లో ఐఐటీ మద్రాస్ ‘కదం’ కృత్రిమ మోకాలిని తెచ్చింది. ఎంత మంచి మోకాలైనా వదులు సాకెట్ కింద బిగిస్తే తూలిపడటమే.

శిబిరానికి అనుమతి ఇచ్చేటప్పుడే నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు తనిఖీ తేదీలు రాయించుకోవాలి. జిల్లా ఆసుపత్రిలో ఒక ఓవెన్, ఒక గ్రైండర్, ప్లాస్టర్ పనికి ఒక గది, వారానికి రెండు రోజులు కృత్రిమ అవయవాలు చేసి అమర్చే ప్రాస్థెటిస్ట్ ఉంటే ఈ పని జరుగుతుంది.

— ఒక ప్రాస్థెటిస్ట్, హైదరాబాద్