కాలిక్యులస్ గండం గట్టెక్కించిన వారికి కృతజ్ఞతలు

ఈ సెప్టెంబరులో నేను యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా డేవిస్ క్యాంపస్‌లో గణితశాస్త్ర విద్యార్థినిగా నేరుగా మూడో సంవత్సరంలో చేరబోతున్నాను. పెళ్లితో గుంటూరులో బీఎస్సీ రెండో సంవత్సరంలో ఆగిపోయిన చదువు పన్నెండేళ్ల తర్వాత ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీలోని మొదటి రెండేళ్లు చదువుకుని యూనివర్సిటీకి మారే వీలున్న కాలేజీ) మళ్లీ మొదలై ఇంతదాకా రావడానికి కారకులైన వారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మం.

ముందుగా, మేము శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్నప్పుడు మా ఎదురింట్లో ఉన్న అక్కకు. ఆవిడ కుమారుడు అంతకుముందే ఈ దారిలో వెళ్లాడు. యూనివర్సిటీకి బదిలీ కావడానికి 60 సెమిస్టర్ యూనిట్లు (కోర్సులు పూర్తి చేస్తే వచ్చే క్రెడిట్లు), అంటే సెమిస్టర్ కంటే చిన్నవైన క్వార్టర్ల లెక్కలో 90 యూనిట్లు కావాలని, మన కాలేజీలోని ఏ కోర్సు ఏ యూనివర్సిటీలోని ఏ కోర్సుకు సమానమో అసిస్ట్ అనే వెబ్‌సైటులో ఏటికాయేడు చూసుకోవచ్చని నాకు చెప్పింది ఆవిడే. "యూనిట్లు లెక్కలోకి వచ్చినంత మాత్రాన మేజర్‌కు, అంటే నువ్వు తీసుకునే ప్రధాన సబ్జెక్టుకు, పనికొస్తాయని అనుకోకమ్మా" అని ఆవిడ అన్న మాట విలువ నాకు తర్వాత గాని తెలియలేదు.

మావారి ఉద్యోగం మారి మేము శాక్రమెంటోకు వచ్చేనాటికి, క్వార్టర్ పద్ధతిలో నడిచే పాత కాలేజీలో నాలుగు భాగాల కాలిక్యులస్‌లో రెండు పూర్తి చేశాను. కొత్త కాలేజీది సెమిస్టర్ పద్ధతి. అక్కడ అదే పాఠం మూడు భాగాలు. మిగిలినది ఇక్కడ చదివితే సరిపోతుందని నేను అనుకున్నాను, కాదని ఎవరూ హెచ్చరించలేదు. కొత్త కాలేజీలోని ట్రాన్స్‌ఫర్ కౌన్సిలర్ గారు మాత్రం అరగంట అపాయింట్‌మెంటును గంటంపావు దాకా సాగనిచ్చి, రెండు కాలేజీల సిలబస్‌లనూ ప్రింటు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టి, పసుపుపచ్చ హైలైటర్‌తో ఒక్కొక్క అధ్యాయమే గీస్తూ వచ్చారు. చివరికి అనంత శ్రేణుల అధ్యాయం దగ్గర గీత ఆగింది. ఇక్కడి రెండో భాగంలో చేరితే చదివినదే చాలావరకు మళ్లీ చదవాలి, దానికి యూనివర్సిటీ రెండోసారి యూనిట్లు ఇవ్వదు. మూడో భాగంలో చేరితే అనంత శ్రేణులు పూర్తిగా తప్పిపోతాయి. డేవిస్‌లో కాలిక్యులస్ నాలుగు భాగాలే కనుక, మిగిలిన రెండూ పాత కాలేజీలోనే ఆన్‌లైన్‌లో చదివి వరుస చెడకుండా చూసుకోమన్నది ఆవిడ సలహా. ఆ ఒక్క సలహా లేకపోతే నాకు ఒక సంవత్సరం పోయేది.

ఇంకో మాట చెప్పాలి. పాత కాలేజీలోని ఐదు క్వార్టర్ యూనిట్లు సెమిస్టర్ లెక్కలో 3.33 మాత్రమే అవుతాయని చూపించి, నా మొత్తం 60 కంటే తక్కువవుతోందని పట్టుకున్నదీ ఆ కౌన్సిలర్ గారే. అందుకోసం అదనంగా ఒక కోర్సు తీసుకున్నాను.

ఆన్‌లైన్ తరగతుల్లో నా సందేహాలకు రాత్రి పదింటికి కూడా జవాబు రాసిన లెక్చరర్ గారికి, పరీక్షల రోజుల్లో పిల్లలిద్దరినీ చూసుకున్న మా అత్తయ్యగారికి, వారాంతాల్లో వంటిల్లు తన చేతిలోకి తీసుకున్న మావారికి నా నమస్కారాలు.

అర్హతలున్న వారికి ముందుగానే సీటు హామీ ఇచ్చే ట్యాగ్ అనే ఒప్పందం యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపసుల్లో ఆరింటికే ఉంది, వాటిలో ఒక్కదానికే సెప్టెంబరులో దరఖాస్తు పెట్టుకోవాలి. నేను డేవిస్‌కు పెట్టుకున్న రోజున కౌన్సిలర్ గారు నా పక్కనే కూర్చుని ప్రతి కోర్సు పేరూ, గ్రేడూ ట్రాన్‌స్క్రిప్టుతో (కాలేజీ ఇచ్చే మార్కుల పత్రంతో) సరిచూశారు. తుది ట్రాన్‌స్క్రిప్టులు జులై 1 లోపు చేరాలని, పాత కాలేజీది మరచిపోవద్దని మొన్న మళ్లీ ఫోన్ చేసి గుర్తు చేశారు. రెండూ చేరినట్టు నిన్న పోర్టల్‌లో కనిపించగానే మొదట ఆవిడకే చెప్పాను.