ముఖ్యమంత్రి గారూ, ఆ రాత్రి స్టేషన్ ఫుటేజీ ఏమైంది?

తెలంగాణ ముఖ్యమంత్రి, హోం శాఖ కూడా చూస్తున్న శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్ శివార్లలో చిన్న మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను. లైనింగ్ బట్టలు, చీరలకు ఫాల్స్, జాకెట్లు కుట్టడం మా పని. షాపు షట్టర్ పైన ఒక సీసీ కెమెరా ఉంది. దాని రికార్డింగ్ దాచే పెట్టె, డీవీఆర్, షాపు లోపల లైనింగ్ తానులు పెట్టుకునే అరలో అడుగున ఉంటుంది. కొన్నేళ్ల కిందట 'నేను సైతం' కార్యక్రమం అని స్టేషన్ నుంచి వచ్చి, మా వరసలో కొట్ల వాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. తలా నాలుగు వేలు వేసుకుని పెట్టించుకున్నాం. ఆడపిల్లలు ట్యూషన్ల నుంచి చీకటిపడ్డాక నడిచొచ్చే రోడ్డు మాది. ఆ డబ్బు ఇవ్వడం నాకు బరువనిపించలేదు. ఇవాళ్టికీ తప్పు చేశానని అనుకోవడం లేదు.

ఆ తర్వాత స్టేషన్ వాళ్లు ఎప్పుడొచ్చి అడిగినా ఫుటేజీ ఇచ్చాను. చైన్ స్నాచింగ్‌కి ఒకసారి, బైకు పోయిందని ఒకసారి, ఎవరిదో యాక్సిడెంట్ అని ఇంకోసారి. మెడలో టేపు అలాగే ఉంచుకుని, మిషన్ ఆపి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పది నిమిషాల్లో చేతిలో పెట్టాను. ఒక్కసారి కూడా రేపు రండి అనలేదు.

పోయిన శ్రావణమాసంలో ఒక రోజు సాయంత్రం మా తమ్ముడికి స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. వాడు ఆటో నడుపుతాడు. ఒకసారి వచ్చి వెళ్లు, చిన్న ఎంక్వైరీ అన్నారు. కాగితం లేదు, నోటీసు లేదు. అరెస్టు అవసరం లేని కేసుల్లో మనిషిని పిలవాలంటే, పోలీసు దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని నాకు తర్వాత తెలిసింది. వరలక్ష్మీ వ్రతం ముందు రోజులు, నా దగ్గర నలభై జాకెట్లు పెండింగ్. గంటలో వచ్చేస్తాడులే అనుకున్నాను. తొమ్మిదయినా రాలేదు, ఫోన్ స్విచ్చాఫ్. మా మరదలిని తీసుకుని వెళ్లాను. లోపలికి రానివ్వలేదు. గేటు పక్కన వేపచెట్టు కింద సిమెంటు బెంచీ ఉంది, దాని మీద కూర్చున్నాం. లోపల నుంచి ఒకసారి కేక వినిపించింది. అది వాడిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, మా మరదలు మాత్రం వాడిదే అంటుంది. నేను ఫోన్ బయటికి తీస్తే, 'అమ్మా, ఇక్కడ వీడియో తీస్తే కేసవుతుంది, లోపల పెట్టు' అని గేటు దగ్గరున్న కానిస్టేబుల్ గదమాయించాడు.

రాత్రి ఒంటిగంటన్నరకు వాడు బయటికొచ్చాడు. ఎడమ చెవి మీద అరచెయ్యి అదిమి పట్టుకుని ఉన్నాడు. 'అక్కా, ఈ పక్క వినపడట్లేదు' అన్నాడు. మర్నాడు డాక్టరు లైటు వేసి చూసి, కర్ణభేరికి చిల్లు పడిందని చీటీ మీద రాశాడు.

వాడు చేసిన నేరం ఏమిటో నాలుగు రోజుల తర్వాత బయటపడింది. ఒక ప్రయాణికుడి ఫోన్ ఆటోలో పోయింది. కెమెరాలో ఆటో కనిపించింది. నంబరు ప్లేటు మీద బురద. చివరి అంకె 3 అనుకున్నారు. అది 8. అసలు ఆటో వేరే వాళ్లది, ఆ ఫోన్ కూడా దొరికింది. మా వాడికి ఎవరూ ఫోన్ చేసి పొరపాటైందయ్యా అనలేదు. ఆటో స్టాండులో ఇంకొకరు చెబితే తెలిసింది.

ఒక బురద మరక ఒక మనిషి చెవి తీసేసింది సార్. మరక తప్పు కాదు. కెమెరా చూపించిందే నిజమని నమ్మి, మనిషిని అడిగే ముందే చెయ్యి లేపిన ఆ తొందర తప్పు. ఇది మా ఒక్క ఇంటి సంగతీ కాదు. 2023 ఫిబ్రవరిలో మెదక్‌కు చెందిన ఒక కూలీ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. గొలుసు దొంగతనం కేసులో, కెమెరాలో కనిపించిన మనిషి పోలికలున్నాయని అతన్ని పట్టుకొచ్చారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. తనను ఎలా కొట్టారో చనిపోయే ముందు అతను వీడియోలో చెప్పాడు. హైకోర్టు సుమోటోగా, అంటే తనంతట తానే, కేసు తీసుకుంది. ఆ వీడియో నేను అప్పుడు షాపులో కూర్చుని చూశాను. చూసి, అయ్యో పాపం అని, మళ్లీ కుట్టుకుంటూ కూర్చున్నాను. మన దాకా రాదనుకున్నాను.

మా తమ్ముడి ఒంటి మీద చెయ్యి పడలేదని స్టేషన్ వాళ్లు అంటున్నారు. చెవి ముందు నుంచే అలా ఉందేమో అంటున్నారు. సరే, వాదన వద్దు. స్టేషన్‌లో కెమెరాలు ఉన్నాయి కదా, చూద్దాం అన్నాను. నేను అడిగింది అంతే.

మీకు తెలియనిది కాదు, అయినా చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. దేశంలో ప్రతి పోలీస్ స్టేషన్‌లో గేటు దగ్గర, లాకప్‌లలో, వరండాల్లో, రిసెప్షన్‌లో, ఇన్‌స్పెక్టర్ గదిలో, ఎస్ఐ గదిలో, వెనక వైపు, బాత్‌రూముల బయట, ఎక్కడా వదలకుండా కెమెరాలు ఉండాలి. చీకట్లో కనిపించాలి, మాట వినిపించాలి. రికార్డింగ్ 18 నెలలు దాచాలి. అంత దాచగల పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది. కెమెరా పనిచేస్తోందా లేదా చూసుకోవాల్సింది ఎస్‌హెచ్‌ఓ, అంటే ఆ స్టేషన్ బాధ్యత చూసే అధికారి. జిల్లాకొక పర్యవేక్షణ కమిటీ, రాష్ట్రానికొక కమిటీ ఉండాలి. ఇవన్నీ ఆ తీర్పులో ఉన్నవే.

ఇంకొకటి కూడా ఉంది, నా మనసుకు బాగా పట్టింది అదే. ఇక్కడ కెమెరాలు ఉన్నాయని, మీ హక్కులకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషన్‌కో ఎస్పీకో ఫిర్యాదు చేయవచ్చని, ఫుటేజీని భద్రపరచమని కోరే హక్కు బాధితులకు ఉందని, స్టేషన్ ప్రవేశంలోనే పెద్ద అక్షరాలతో, స్థానిక భాషలో కూడా, బోర్డు పెట్టాలి. తర్వాత నేను ఆ స్టేషన్‌కి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ గోడలన్నీ చదివాను. సైబర్ నేరాల నంబరు 1930 ఉంది, షీ టీమ్స్ పోస్టరు ఉంది, డ్రంకెన్ డ్రైవ్ పోస్టరు ఉంది. ఆ బోర్డు లేదు. కెమెరా మాత్రం రిసెప్షన్ మూల పైన ఉంది. నేను మాట్లాడుతున్నంత సేపూ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

నాలుగో రోజున సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. రాత్రి ఏడున్నర నుంచి రెండింటి దాకా రిసెప్షన్, వరండా, ఎస్ఐ గది ఫుటేజీ కావాలని అడిగాను. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది. ఆ మాట దరఖాస్తు పైన ఎర్ర ఇంకుతో రాశాను. ఇరవై ఎనిమిదో రోజున ఒక్క వాక్యం జవాబు వచ్చింది: 'కోరిన తేదీకి సంబంధించిన ఫుటేజీ సాంకేతిక కారణాల వలన అందుబాటులో లేదు.'

సాంకేతిక కారణం ఏమిటని వెళ్లి అడిగితే, పాత రికార్డింగ్ మీద కొత్తది వచ్చి పడిపోతుందమ్మా, హార్డ్ డిస్క్ చిన్నది అన్నారు. నా షాపులో డీవీఆర్ కూడా అలాగే చేస్తుంది కాబట్టి నాకు ఆ మాట అర్థమైంది. కానీ నేను నాలుగో రోజే అడిగాను కదా? ఆ రోజు అది డిస్క్‌లో ఉందా లేదా? ఉంటే ఎందుకు పక్కన తీసి పెట్టలేదు? దీనికి జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాను, ఇంకా ఏమీ తేల్చలేదు.

లెక్క చూడండి సార్. 2013లో, ఉమ్మడి రాష్ట్రంలోనే ప్రజాభద్రత చట్టం వచ్చింది. వందమంది పోగయ్యే ప్రతి షాపూ, ఆసుపత్రీ, ఫంక్షన్ హాలూ కెమెరాలు పెట్టాలి, 30 రోజులు ఫుటేజీ దాచాలి, ఇన్‌స్పెక్టర్ అడిగితే ఇవ్వాలి. వ్యాపారస్తుడి మెడ మీద ఆ బాధ్యత ఉంది. బంజారాహిల్స్‌లో వందల కోట్లతో కట్టిన కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టు 4న మొదలైంది. నగరంలో మూలమూలనున్న కెమెరాలను ఒక్క గోడ మీద చూడవచ్చని టీవీల్లో చూపించారు. పోలీసుల ఫోన్లలో ఉండే టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాలు పోల్చే సదుపాయం 2018 నుంచే ఉంది. 2021 లాక్‌డౌన్‌లో రోడ్డు మీద ఆపి మాస్కు తీయించి ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త హైకోర్టుకు వెళితే, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వచ్చాయి. అదే 2021 అక్టోబరులో మన నగరంలోనే కుర్రాళ్లను ఆపి, గంజాయి అనే మాట కోసం వాట్సాప్ చాట్లు వెతికిన వీడియోలు అందరం చూశాం. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అన్న తర్వాత జరిగినవే ఇవన్నీ.

ఇన్ని కెమెరాలు పెట్టి, ఇన్ని ముఖాలు పోల్చగలిగిన వ్యవస్థకు, తన స్టేషన్ వరండాలో ఆరున్నర గంటల వీడియో దాచడానికి డిస్క్ చాలలేదంటే నేను నమ్మలేకపోతున్నాను.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ బాధ మీకు తెలుసు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మీ ఫోన్ కూడా వింటున్నారని మీరే ఆరోపించారు. ఆ వ్యవహారంలో 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో కేసు నమోదైంది. ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాటి రాత్రి పోలీసు నిఘా విభాగమైన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో ఆఫీసులో సీసీ కెమెరాలు ఆపించి, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది అందులో పెద్ద ఆరోపణ. కోర్టు తేల్చాల్సిన విషయం కాబట్టి నేను తీర్పు చెప్పను. కానీ డిస్కులు పోయాయని విన్నప్పుడు మీకు వచ్చిన కోపం న్యాయమైనదే కదా. మా తమ్ముడి డిస్క్ గురించి నాకు వచ్చిన కోపం కూడా అదే జాతిది. మీ కేసు కోసం సిట్ వేశారు. మాలాంటి వాళ్లకు సిట్ వేయనక్కర్లేదు, ఫుటేజీ చెరిగిపోకుండా చూడండి చాలు.

అసలు లోపం ఒక్కచోట ఉందని నాకనిపిస్తోంది. కెమెరాలో ఎవరు పడతారో, తాళం వాళ్ల దగ్గరే ఉంది. స్టేషన్ మీద ఫిర్యాదు వస్తే ఆ స్టేషన్ ఎస్‌హెచ్‌ఓనే డిస్క్ తెరవాలి. ఆయన మంచివాడైనా సరే, ఆ స్థానంలో ఎవరున్నా టెన్షన్ పడతారు. మా వీధి కెమెరాలనే బంజారాహిల్స్‌లో కూర్చుని చూడగలుగుతున్నప్పుడు, స్టేషన్ లోపలి రికార్డింగ్ కాపీ ఎప్పటికప్పుడు ఆ స్టేషన్ చేతిలో లేని చోటికి వెళ్లేలా చేయడం కష్టమా? పోలీసు శాఖకు బయట, జిల్లా జడ్జి గారి ఆధీనంలోనో మానవ హక్కుల కమిషన్ ఆధీనంలోనో ఉంచండి. ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో దానంతటదే నమోదు కావాలి. ఒక కెమెరా ఆగిపోతే ఏ తేదీన ఆగింది, ఎప్పుడు బాగు చేశారు అన్నది స్టేషన్ వారీగా జనానికి కనపడాలి. ఆ జిల్లా కమిటీలు అసలు కూర్చుంటున్నాయా? కూర్చుంటే వాళ్లు ఏం చూశారో బయటపెట్టండి.

పైన చెప్పిన నాగరిక సురక్షా సంహితలోనే 105వ సెక్షన్ కింద సోదాలన్నీ వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని 2024 జులై 1 నుంచి అమలులో ఉంది. అంటే రికార్డింగ్ పోలీసు చేతి నుంచి వెంటనే బయటికి వెళ్లాలన్న సంగతి చట్టం చేసినవాళ్లకు తెలుసు. ఇంట్లో బీరువా సోదాకి ఉన్న ఆ జాగ్రత్త, స్టేషన్‌లో కూర్చోబెట్టిన మనిషికి ఎందుకు లేదు? ట్రాఫిక్ పోలీసుల చొక్కాకి పెట్టే చిన్న కెమెరాల విషయంలోనూ నాది ఇదే ప్రశ్న. దాని స్విచ్ ఎవరి వేలి కింద ఉందో, ఆపితే ఎందుకు ఆపారో రాయాలి.

గేటు దగ్గర నన్ను ఫోన్ లోపల పెట్టమన్నారు కదా, ఆ మాటకూ జవాబు ఉంది. పోలీస్ స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలం కాదని, అక్కడ వీడియో తీయడం ఆ చట్టం కింద నేరం కాదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. ఈ సంగతి మన స్టేషన్లకు ఒక సర్క్యులర్‌గా పంపితే బాగుంటుంది.

పోలీసులందరూ ఒకటే అని నేను అనను. రాత్రి షాపు మూసేటప్పుడు మా రోడ్డు మీద తిరిగే పెట్రోలింగ్ వాళ్లను చూస్తే నాకు ధైర్యమే. నా తమ్ముడిని ఎవరూ కొట్టలేదని ఆ ఫుటేజీ చూపిస్తే, నేను వెళ్లి క్షమాపణ చెప్పుకునేదాన్ని. వాళ్ల మాట నిలబెట్టే సాక్ష్యం కూడా అదే. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఇదే విషయం సుమోటోగా తీసుకుంది. ఆ ఏడాది ఏడెనిమిది నెలల్లో రాజస్థాన్‌లో 11 మంది పోలీసు కస్టడీలో చనిపోయారన్న పత్రిక వార్త చూసి తీసుకుంది. తీర్పు వచ్చి అయిదేళ్లు కావొస్తున్నా కోర్టు మళ్లీ అడగాల్సి వచ్చింది. మన రాష్ట్రం అడిగించుకోకుండా చేస్తే ఎంత బాగుంటుంది.

ఇవన్నీ చేయడానికి సమయం పడుతుందని నాకూ తెలుసు. రేపే చేయగలిగింది ఒకటుంది. ఎవరైనా స్టేషన్‌కి వచ్చి ఫలానా రోజు ఫుటేజీ దాచమని కాగితం ఇస్తే, అక్కడికక్కడే రసీదు ఇచ్చి, ఆ భాగాన్ని చెరిగిపోకుండా పక్కన పెట్టాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. సమాచార హక్కు కింద జవాబు రావడానికి నెల పడుతుంది, డిస్క్ మీద కొత్త రికార్డింగ్ అంతకన్నా ముందే వచ్చి పడుతుంది. ఈ రెండింటి మధ్య మా బతుకులు పోతున్నాయి.

పోయిన వారం ఒక కానిస్టేబుల్ మళ్లీ మా షాపుకి వచ్చాడు. పక్క వీధిలో సిలిండర్లు పోయాయట, ఆదివారం రాత్రి ఫుటేజీ కావాలన్నాడు. ఇచ్చాను. ఈసారి మాత్రం రసీదు అడిగాను. ముందు వింతగా చూశాడు. తర్వాత నా బిల్లు బుక్కు తీసుకుని, తేదీ, టైము, ఎన్ని గంటల ఫుటేజీ తీసుకున్నాడో రాసి, కింద పేరు, నంబరు వేసి సంతకం పెట్టాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ కాగితం చించకుండా బిల్లు బుక్కులోనే ఉంచాను.

ఇట్లు,
మీ రాష్ట్ర పౌరురాలు,
ఒక ఆటో డ్రైవర్ అక్క