గొర్రెల వైపా, డింగోల వైపా అని అడిగావు కదా నాయనా

హోర్షమ్, విక్టోరియా రాష్ట్రం, ఆస్ట్రేలియా

నాయనకు,

నేను బాగున్నాను. జేజికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? డబ్బులు అందాయని తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఇంటి పైకప్పు పని ఉగాది తర్వాత చూద్దాం, ఇప్పుడు అప్పు చేయొద్దు. నా డ్యూటీలు మామూలే. ఈ నెల రాత్రి షిఫ్టులు ఎక్కువ పడ్డాయి, అంతే.

ఆదివారం నువ్వు గొర్రెల వైపా, డింగోల వైపా అని అడిగి, మాట మధ్యలోనే ఫోన్ పెట్టేశావు. డింగోలంటే ఇక్కడి అడవికుక్కలు. తమ్ముడు చూపించిన డింగోల వీడియో చూసి భయపడ్డావని, వాటిని చంపొద్దనే విన్నపం మీద నేను సంతకం పెట్టిన సంగతి తెలిసి మనసు కష్టపెట్టుకున్నావని అమ్మ తర్వాత చెప్పింది. ఇదంతా ఫోన్లో చెప్పడం నా వల్ల కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు భయం సంగతి. ఆ వీడియో క్వీన్స్‌లాండ్‌లోని కగారి దీవిది, పాత పేరు ఫ్రేజర్ ఐలండ్. ఇక్కడి నుంచి కారులో రెండు రోజులు పట్టే దూరం. అక్కడికి వచ్చే టూరిస్టులు ఫోటోల కోసం తిండి పెట్టి డింగోలకు మనుషులంటే బెదురు లేకుండా చేశారు. డింగో ఏమీ చేయదని నేను నీకు అబద్ధం చెప్పను. 2001లో ఆ దీవిలోనే తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి చంపాయి. 1980లో దేశం మధ్యలో ఉన్న ఉలూరు కొండ దగ్గర టెంటులోంచి ఒక పసిబిడ్డను ఎత్తుకుపోతే, తల్లి మాట చాలామంది నమ్మలేదు. ఆమెనే జైల్లో పెట్టారు. బిడ్డను తీసుకుపోయింది డింగోయేనని చివరికి 2012లో అధికారికంగా తేల్చారు. ఆ తల్లి గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కానీ మా ఊరి వీధుల్లోకి డింగోలు రావు నాయనా. ఉత్తరాన బిగ్ డెజర్ట్, వైపర్‌ఫెల్డ్ వైపు పొదల అడవుల్లో ఉంటాయి, మనిషి అలికిడికే తప్పుకుంటాయి. రాత్రి డ్యూటీకి నేను కారులోనే పోతున్నాను.

ఆ అడవుల్లో మిగిలినవి నలభై దాకానే ఉండొచ్చని 2024లో ప్రభుత్వమే చెప్పింది. విక్టోరియాలో డింగోను అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుగా చట్టంలో చేర్చారు. అయినా గొర్రెల పొలాల అంచు నుంచి అడవిలోకి మూడు కిలోమీటర్ల వరకు చంపొచ్చని ఇంకో ఉత్తర్వు ఉండేది. 2024 మార్చిలో మా వాయవ్య ప్రాంతం వరకు దాన్ని ఆపేశారు. రాష్ట్రం తూర్పు భాగంలో మాత్రం 2028 జనవరి 1 దాకా కొనసాగుతుందట. ఇక్కడ ఆపింది మళ్ళీ తెరవొద్దని, తూర్పున కూడా ఆపమని ఆ కాగితంలో రాశారు. నేను పెట్టిన సంతకం అదే. అవి ఊరకుక్కలతో కలిసిపోయిన సంకర జాతి అని చాలాకాలం అన్నారు. 2023లో వచ్చిన డీఎన్ఏ పరిశోధనలో విక్టోరియావి ఎక్కువ భాగం అసలు డింగోలేనని తేలింది. ఈ నేల మీద అవి మూడు వేల ఏళ్ళకు పైగా ఉన్నాయి. ఇక్కడి ఆదివాసులు, వొట్జోబలుక్ వాళ్ళు, వాటిని విల్కర్ అంటారు, తమవాళ్ళుగా చూసుకుంటారు.

ఎలా చంపుతారో తెలుసా? తుపాకులు, ఉచ్చులు ఉన్నాయి. వాటితో పాటు 1080 అనే విషం కలిపిన మాంసం ముక్కలు పడేస్తారు. దానికి విరుగుడు లేదు. చదువుతుంటే నాకు మన కుక్క కర్రోడే కళ్ళ ముందు మెదిలాడు. పందులకని ఎవరో పెట్టిన గుళికల మందు తిని గిలగిలా కొట్టుకుంటుంటే నువ్వు వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదు నువ్వు.

నేను మారిపోయానని మాత్రం అనుకోవద్దు. పొట్టేళ్ళు అమ్మి నా నర్సింగ్ ఫీజు కట్టావు, అది మరిచిపోయే దాన్నా? తోడేలు మందలో పడ్డ తెల్లవారి నువ్వు గొర్రెపిల్లల్ని లెక్కపెడుతుంటే పక్కన నిలబడింది నేనే. తోడేలును చంపకూడదని 1972 నాటి చట్టం చెబుతుంది. నష్టం ఇప్పించమని తిరిగి తిరిగి నీ చెప్పులు అరిగాయి, పైసా రాలేదు. అయినా నువ్వు తోడేలుకు విషం పెట్టలేదు. పక్క ఊరివాళ్ళు పెడదామంటే గొడవ కూడా పడ్డావు. నాకు తెలిసిన న్యాయం అక్కడ నేర్చుకున్నదే.

మా వృద్ధాశ్రమంలో ఒక ముసలాయన ఉన్నాడు. బిగ్ డెజర్ట్ అంచున గొర్రెలు మేపిన మనిషి. నేను సంతకం పెట్టానని తెలిసి ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రలు వేయించుకుంటూ, సగం తిని వదిలేసిన గొర్రెపిల్లల గురించి చెప్పాడు. చెప్తూంటే గొంతు వణికింది. టౌన్లో కూర్చుని సంతకాలు పెట్టేవాళ్ళకు ఆ పొద్దు ఎలా ఉంటుందో తెలీదు అన్నాడు. నాకు తెలుసు అని నీ గురించి చెప్పాను. అప్పటి నుంచి రోజూ మీ నాన్న మంద ఎలా ఉందని అడుగుతున్నాడు. నువ్వు ఇక్కడుంటే మీ ఇద్దరికీ భాష లేకపోయినా పొద్దు గడిచిపోయేది.

ఆయనతో నాకు ఒక్కచోటే పేచీ. డింగోలు లేకపోతే గొర్రెలకు మేలే అంటాడు. ఈ దేశంలో గొర్రెల కోసం 5,600 కిలోమీటర్ల కంచె కట్టారు. డింగోలు లేని వైపు కంగారూలు బాగా పెరిగి గడ్డి తినేస్తున్నాయని, ఇంగ్లండ్ నుంచి తెచ్చి వదిలిన ఎర్ర నక్కలు ఎక్కువయ్యాయని అక్కడ తిరిగిన శాస్త్రవేత్తలు రాశారు. గడ్డి పోతే మందకు ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? కానీ చంపొద్దని చెప్పి గొర్రెలవాణ్ణి గాలికి వదిలేస్తే అదీ అన్యాయమే. పోయిన ప్రతి గొర్రెకూ డబ్బు ఇవ్వాలి, కంచెకూ కాపలా కుక్కలకూ సాయం చేయాలి. ఇదే ఇక్కడి ఎమ్మెల్యేకు రాయబోతున్నాను.

దానికే నీ సాయం కావాలి. ముసలాయన మనవడు మారెమ్మా అనే ఇటలీ జాతి కాపలా కుక్కపిల్లల్ని తెచ్చాడు. అవి మందను వదిలేసి ఇంటికి వచ్చేస్తున్నాయట. నువ్వు ఏ వయసు కుక్కపిల్లను గొర్రెల్లో వదిలేవాడివి? మొదట్లో తిండి ఎక్కడ పెట్టేవాడివి? పొలంలో మంద నిలిపిన రాత్రుల్లో వాటిని ఏ పక్కన ఉంచేవాడివి? వివరంగా రాసి తమ్ముడితో ఫోటో తీయించి పంపు, నేను ఇంగ్లీషులో రాసి ఆయనకు ఇస్తాను.

బీపీ మాత్రలు మానొద్దు. అమ్మను గుట్టకు కట్టెలకు పంపొద్దు, గ్యాస్ బండకు నేను డబ్బు పంపుతాను.

నీ బిడ్డ