శనివారం రాత్రి గెస్ట్‌ల టైమ్ సరిచేసే పని

అందరికీ నమస్కారం 🙏

ఈ శనివారం రాత్రి 10 గంటలకు జెడ్/వీఎం (మెయిన్‌ఫ్రేమ్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీదున్న మన లైనక్స్ గెస్ట్‌లన్నిటిలో, అంటే ఆ వర్చువల్ మెషీన్లలో, క్రోనీ (నెట్‌వర్క్ ద్వారా గడియారం సరిచూసే ప్రోగ్రామ్) సెట్టింగులు సరిచేస్తున్నాం. ఎవరి గెస్ట్‌లు వాళ్లే చూసుకోవాలి.

శుక్రవారం సాయంత్రంలోగా "క్రోనీసీ ట్రాకింగ్" కమాండ్ ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి. అందులో లీప్ స్టేటస్ (గడియారం సింక్‌లో ఉందో లేదో చెప్పే లైన్) దగ్గర "నార్మల్" అని లేకపోతే మెసేజ్‌తో ఆగకుండా ఫోన్ చేయండి.

"మెషీన్‌లో ఎస్‌టీపీ (మెయిన్‌ఫ్రేమ్‌ల గడియారాలను కలిపి ఉంచే సదుపాయం) ఉందిగా, మళ్లీ ఇదెందుకు?" అని పోయినసారి ఇద్దరు అడిగారు. మంచి ప్రశ్నే. సిస్టమ్ కాన్ఫిగ్‌లో ఎస్‌టీపీ టైమ్‌సింక్ ఎనేబుల్ చేస్తేనే జెడ్/వీఎం దాన్ని వాడుకుంటుంది. మన దగ్గర అది ఇంకా చేయలేదు, తర్వాతి ఐపీఎల్‌లో (సిస్టమ్ రీస్టార్ట్‌లో) పెడతాం. అందాకా క్రోనీయే దిక్కు.

డేటాబేస్ నడుస్తుండగా "మేక్‌స్టెప్" (టైమ్‌ను ఒక్కసారిగా మార్చేసే క్రోనీ కమాండ్) మాత్రం కొట్టొద్దు! టైమ్ ఒక్కసారిగా వెనక్కి దూకితే లాగ్‌లో తర్వాత జరిగింది ముందు జరిగినట్టు కనిపిస్తుంది. పోయిన నెల నేనే ఆ పని చేసి రాత్రంతా టెన్షన్ పడ్డాను 😅 ముందు డేటాబేస్ ఆపండి, లేదా క్రోనీని మెల్లగా సర్దుకోనివ్వండి.

ఇంకో మాట: టీఓడీ గడియారం (మెషీన్ హార్డ్‌వేర్ గడియారం) యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) ఉండాలి. ఐఎస్‌టీ కోసం ఐదున్నర గంటలు కలిపేది టైమ్‌జోన్ సెట్టింగే, మీరు కలపకండి.

శనివారం రాలేనివాళ్లు గురువారంలోగా చెప్పండి, వేరేవాళ్లను చూసుకోవాలి.